కుమారప్పగారి జమాఖర్చు

పెద్దపల్లి జిల్లా కమాన్‌పూర్ పరిసరములయందు సింగరేణి కంపెనీవారు త్రవ్వు బొగ్గులో చాలభాగము విద్యుచ్ఛక్తియై, మన యిండ్లలో దీపములను వెలిగించుచు పంకాలను త్రిప్పుచున్నది. కాల్చిన బొగ్గు మరల పండునది కాదు. గృహస్థుడు నెలనెలా చెల్లించు రొక్కము చిట్టాకెక్కును. తరిగిన నిల్వ మాత్రము ఏ పద్దులోను కానరాదు. ఈ లోపమును లెక్కలవాని కంటితో కనిపెట్టిన జె. సి. కుమారప్పగారి చరిత్రను పాఠకులకు జ్ఞప్తి చేయగోరుచున్నాము.

వారు 1892 జనవరి 4వ తేదీన తంజావూరులో క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. లండనులో లెక్కల తనిఖీ విద్య నభ్యసించి, బొంబాయిలో ఆ వృత్తి నవలంబించి, దొరల వేషభాషలతో నుండిరి. పిదప అమెరికాకేగి కొలంబియా విశ్వవిద్యాలయమున మన దేశపు దారిద్ర్యమునకును ప్రభుత్వపు పన్నుల విధానమునకును గల సంబంధమును పరిశోధించిరి. ఆ పరిశోధనమే వారి జీవితమును మార్చివేసెను. 1929 మే 9వ తేదీన సబర్మతిలో గాంధీజీని దర్శించిరి. కొర్నీలియస్ అను పేరు పోయి కుమారప్ప నిలిచెను. సూటు పోయి ఖద్దరు వచ్చెను.

1934లో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘ మేర్పడగా దాని నిర్వహణభారము వారిపై బడెను. గానుగనూనె, దంపుడుబియ్యము, చేతికాగితము, తేనెటీగల పెంపకము, ఇవన్నియు వార్ధాలోని మగన్‌వాడిలో పరీక్షకు వచ్చినవే. కిరసనాయిలునకు మారుగా గింజలనూనెతో వెలుగు మగన్‌దీపము కూడ అచ్చటిదే. మరబియ్యపు తెలుపునకై తవుడును, దానితో బలమును పోగొట్టుకొనుట వారి దృష్టిలో తెలివిమాలిన వ్యాపారము.

జబల్పూరు కారాగారమున వ్రాసి 1945లో ప్రకటించిన 'ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్' గ్రంథమున వారు సంపదను రెండుగా విభజించిరి. మన మాటలలో చెప్పవలెనన్న, బొగ్గు, పెట్రోలు, ఖనిజములు గాదెలోని గింజలు; తీసినకొలది తరుగును, వానికై దేశములు కొట్టుకొనును. అడవి పెరిగినంతమట్టుకే నరికిన కలప పారు కాలువవంటిది. మరియు, వస్తువును కొనువాడు దాని పుట్టుకలోని అన్యాయమున భాగస్థుడని వారి నిశ్చయము. ఆఫ్రికాలో నిర్బంధపు కూలితో పండిన కోకోను దీనికి ఉదాహరణముగా చూపిరి. ఆ న్యాయముననే చూచినచో, పట్టణమున వృథాగా వెలుగు దీపమునకును, గనికొరకు రైతు కోల్పోయిన చెలకకును సంబంధము లేదనుట యెట్లు?

విద్యుద్దీపమును విడిచి నూనెదీపముతో బ్రతుకుడని మేము చెప్పజాలము. మగన్‌దీపమునకు కాలము చెల్లినది. కాని మిద్దెపై ఎండనుండి విద్యుత్తును తీయు పలకలు కుమారప్పగారి లెక్కలో కాలువ పక్షముననే చేరును. పెరటి చెత్తను పాడుచేయక ఎరువుగా పొలమునకు చేర్చుటయు అట్టిదే. ఇందుకు రూకలు కూడ అక్కరలేదు.

భూస్వాములకు వారి పేరు మరియొక కారణమున తెలిసియుండును. కాంగ్రెస్ భూసంస్కరణల సంఘమునకు అధ్యక్షులై, 1949లో దున్నువానికే భూమి చెందవలెనని సిఫారసు చేసిరి. ఆ మాట కొందరికి చేదు. ఇంటి ఖర్చును తగ్గించుకొనుడన్న మాటయు ఆ నోటినుండి వచ్చినదే. కడపటి యేండ్లను మధుర ప్రాంతపు టి. కల్లుపట్టి ఆశ్రమమున గడిపి, 1960 జనవరి 30న, గాంధీజీ నేలకొరిగిన తేదీనాడే, కన్నుమూసిరి.