పెరిగిన కొలది భారము: బిషప్ అజరయ్య గారి జీవితము

శతవార్షికోత్సవ వేళ సంఘము తన పెరుగుదలను తలచుకొని సంతోషించుట న్యాయమే. అయితే పెరుగుదల దేవుడిచ్చే బహుమానము మాత్రమే కాదు, ఆయన అప్పగించే పని కూడాను. మేము శ్రీరాంపూర్ బొగ్గు గనుల ప్రాంతపు విశ్వాసులము. గని లోతుకు పోయిన కొలది లోపలికి గాలి, పైకప్పుకు సపోర్టు పెంచవలెనని మా ఇండ్లలో పిల్లలకు కూడా తెలుసు. సంఘము సంగతి కూడా అంతే. దానిని బ్రతికి చూపినవారు దోర్నకల్ మొదటి అధ్యక్షులైన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. సింగరేణి బొగ్గు మొదట తవ్విన ఇల్లెందుకు రైలు మార్గము చీలే జంక్షనే దోర్నకల్. కనుక ఆయన మాకు దూరపువారు కారు.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విళై గ్రామములో జన్మించారు. తండ్రి గ్రామ గురువు. బాల్యములోనే తండ్రి ప్రభువునందు నిద్రించగా తల్లి భక్తితో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అంబు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. భారతీయులే సువార్త భారము మోయవలెనని 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు తోడ్పడ్డారు. 1905 క్రిస్మస్ నాడు నేషనల్ మిషనరీ సొసైటీ వెలసినప్పుడు కూడా ముందున్నారు. అది వెలసిన చోటు బెంగాలులోని సేరంపూర్. దాని అసలు పేరు మా ఊరి పేరే, శ్రీరాంపూర్!

1909లో ఆ పెద్ద ఉద్యోగము విడిచి, అభిషేకము పొంది, నిజాం రాజ్యములోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొనవలసి వచ్చింది. 1910లో ఎడింబరో మహాసభలో, విదేశ మిషనరీలు భారతీయులకు సహాయము చేస్తే చాలదు, స్నేహము కూడా ఇవ్వవలెనని నిర్భయముగా కోరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అధ్యక్షాభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. భారతీయుని క్రింద పనిచేయుటకు ఇష్టపడని తెల్లదొరలు కొందరు లేకపోలేదు. ఆయన వాదమునకు దిగక, పనితోనే వారికి సమాధానము చెప్పారు.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. మాల పల్లెలు, మాదిగ పల్లెలు కుటుంబములకు కుటుంబములుగా బాప్తిస్మము కోరాయి. 1920 ప్రాంతమున కృష్ణా తీరపు సంఘములు కూడా ఆయన ఆధ్వర్యములోకి వచ్చాయి. ఆయన చివరి రోజులకు విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు అక్షరము రానివారు, దొరల పొలములలో కూలికి నలిగినవారు. గురువులు కొద్దిమంది, గ్రామములు వందలు.

అజరయ్య గారు తలుపు మూయలేదు, తలుపు తీసి ఊరకుండనూ లేదు. ఉపదేశకులను, వారి భార్యలను కూడా తరిఫీదు చేయించి పల్లెలకు పంపారు. చదువు రానివారికి కీర్తనల ద్వారా వాక్యము నేర్పించారు. తెలుగువారినే గురువులుగా అభిషేకించారు. పేదవారు ఇవ్వలేరని అనుకొనక, పిడికెడు బియ్యము, కోడి, గ్రుడ్డు, కోతపండుగ ధాన్యము తెచ్చి తమ సంఘమును తామే నిలుపుకొనుట అలవరచారు. బాప్తిస్మము పొందిన ప్రతివాడు తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింపకున్న తనకు శ్రమయని ఒప్పుకొనేటట్లు చేశారు. స్త్రీల మధ్య పనిలో మరియమ్మాళ్ గారు ఆయనకు కుడిభుజమైనారు.

అన్నిటికంటె కష్టమైనది కులము. బాప్తిస్మ తొట్టి దాటినా మాల, మాదిగ భేదము తొలగలేదు. ఒకే రొట్టె, ఒకే పాత్ర అని ఆయన జీవితాంతము పోరాడారు. ఆ పోరాటము ఆయనతో ముగియలేదని మనమందరము ఎరుగుదుము.

1939 జనవరి 6న దోర్నకల్ దేవాలయ ప్రతిష్ఠ జరిగింది. గుడి మండప స్తంభములు, మసీదు గుమ్మటములు ఒకే కప్పు క్రింద కలసిన ఆలయమది. సంఘైక్యము కొరకు 1919 నుండి శ్రమించిన ఆయన, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట చూడకయే 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు.

మా శ్రీరాంపూర్‌కు కూడా పని వెదుకుచు అనేక జిల్లాలవారు వచ్చారు, ఇంకనూ వచ్చుచున్నారు. పర్మినెంటు కార్మికుని కుటుంబము, కాంట్రాక్టు కార్మికుని కుటుంబము ఆరాధనలో ప్రక్కప్రక్కన కూర్చొనుచున్నవా? నిన్న వచ్చినవానికి సంఘ కమిటీలో మాట ఉన్నదా? వారి పిల్లలకు ఆదివారపు బడిలో పాఠము చెప్పువారున్నారా? అజరయ్య గారి పేరు స్మరించుట సులువు. వచ్చిన ప్రతివానికి చోటు చేసి, వానికి కూడా భారములో పాలు ఇచ్చుటే ఆయన మనకు విడిచిన పని. ఆ పనికి ప్రభువు మనలను బలపరచును గాక.