గాలిని చక్రమున బంధించిన పశువైద్యుడు

పాతకాలపు ఖరీదైన మోటారుకారు గలవారు దానికి క్రొత్త టైర్లు వేయింపబోవునపుడు వినవచ్చు పేర్లలో డన్‌లప్ ఒకటి. అది ఒక కంపెనీ పేరనియే పెక్కురు తలతురు. ఆ పేరు మొదట ఒక మనుష్యునిదనియు, అతడు యంత్రశిల్పి కాక పశువైద్యుడనియు ఎరిగినవారు కొందరే.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ గ్రామమున జన్మించెను. ఎడింబరోలో పశువైద్యము నభ్యసించి, పందొమ్మిదవ యేటనే పట్టము పొందెను. 1867లో ఐర్లండునకు తరలి, కొంతకాలమునకు బెల్‌ఫాస్టు నగరమున ఆ దేశములోని పెద్ద పశువైద్యశాలలలో నొకదానికి అధిపతి యయ్యెను.

1887లో అతని కుమారుడు పదియేండ్ల లోపు బాలుడు. వానికొక మూడుచక్రముల సైకిలుండెను. చక్రములకు గట్టి రబ్బరు పట్టీలు, వీధులకు రాతిపరుపు. త్రొక్కినంతసేపు బాలుని దేహము అదరిపోవుచుండెను. తండ్రి ఊరకుండలేకపోయెను. ఒక కొయ్యబిళ్ల చుట్టును పలుచని రబ్బరు గొట్టము నమర్చి, గుడ్డతో బిగించి, గాలి నింపెను. ఆ బిళ్లను, సైకిలు చక్రము నొకదానిని పెరటిలో దొర్లించెను. సైకిలు చక్రము నడుమనే కూలబడెను. గాలి నింపినది పెరడు దాటి, ద్వారస్తంభమును తాకి వెనుకకు మరలెను. గాలి కుదుపును తగ్గించుటయే కాక, పరుగును సులభము చేయునని తేలిపోయెను.

1888 డిసెంబరులో అతనికి పేటెంటు లభించెను. మరుసటి సంవత్సరము మే నెలలో విలీ హ్యూమ్ అను పందెగాడు బెల్‌ఫాస్టులో ఆ టైర్లతో పోటీలు గెలిచెను. అంతవరకు పరిహసించినవారు మౌనము వహించిరి. హార్వే డ్యూక్రో అను వ్యాపారి ముందునకు రాగా, డబ్లినులో కంపెనీ ఏర్పడెను.

అంతలో పిడుగుపాటు వంటి వార్త వచ్చెను. రాబర్ట్ విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండువాడు 1845లోనే గాలిచక్రమునకు పేటెంటు పొందియుండెను. సైకిళ్లు, మోటార్లు లేని ఆ కాలమున దానిని అడిగినవారు లేక అది మరుగునబడెను. 1890లో డన్‌లప్ పేటెంటు చెల్లదని తేలెను. చక్రమునకు అంటించిన అతని టైరును విప్పి బాగుచేయుట కష్టము. సులభముగ తీసి వేయదగిన టైర్లను వెల్చ్, బార్ట్‌లెట్ అను ఇతరులు రూపొందించిరి. వారి పేటెంట్లను కొని కంపెనీ నిలద్రొక్కుకొనెను. 1895లో డన్‌లప్ దానినుండి తప్పుకొనెను. ఆ యేడే మిషెలిన్ సోదరులు పారిస్-బోర్డో పందెమున మోటారుకారును గాలిటైర్లపై నడిపిరి. మరుసటి యేట కంపెనీ ముప్పది లక్షల పౌండ్లకు అమ్ముడయ్యెను. ఆ సంపదలో అతనికి దక్కినది స్వల్పము. 1921 అక్టోబరు 23న డబ్లినులో అతడు కన్నుమూసెను.

అతని పెరటి పరీక్ష నేర్పిన పాఠము నేటికిని చెల్లును. బండిని మోయునది గాలి. రబ్బరును, అందలి దారపు పొరలును ఆ గాలిని పట్టియుంచు పాత్ర. పాత్ర జీర్ణించినచో గాలి నిలువదు. కొట్టములో దాచిన పాత కారు టైరుపై గాళ్లు లోతుగనే కనబడును. కాని ఎండకు, ఏండ్లకు రబ్బరు బిరుసెక్కి లోలోపల చిట్లును. 2000 నుండి తయారైన టైర్ల ప్రక్కగోడపై తయారీ ముద్ర చివర నాలుగంకెలుండును: మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. 2319 అనిన 2019లో ఇరువదిమూడవ వారము. మూడంకెలే యున్నచో అది గత శతాబ్దపుది. ఎంత క్రొత్తగ కనబడినను విసర్జింపవలెను. పదియేండ్లు దాటినదానిని నమ్మరాదు.

బరువును మోయు శక్తియు, వేగపు గుర్తును తయారీదారు నిర్ణయించినదానికి తగ్గరాదు. 1955లో వెలువడిన రోల్స్‌రాయిస్ సిల్వర్ క్లౌడ్ వంటి కారు సుమారు రెండు టన్నులు తూగును. అట్టివి అడ్డపొరల టైర్లకై నిర్మింపబడినవి. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరు నడక వేరు. ఒకే ఇరుసుపై ఈ రెంటిని కలుపుట ప్రమాదము. మలుపులో ఒకటి పట్టగా మరియొకటి జారును. నాలుగింటిని ఒకే జాతివి వేయించుట మేలు.

కన్నకొడుకు దేహము అదరకుండవలెనని ఆ వైద్యుడు పూనుకొనెను. టైరు కొనువాడు వెలను, మెరుగును చూచుటకు ముందు తన బండిలో కూర్చుండబోవువారిని తలచుకొన్నచో చాలును.