చుక్కల లెక్కలు రాసిన గుమస్తా

తాలూకా కచేరీలో జమాబందీ లెక్కలతో ఉద్యోగం మొదలుపెట్టిన నాకు, ఆకాశంలో చుక్కల దూరం కొలవడానికి దారి చూపింది కూడా మనవంటి ఒక చిరుద్యోగియేనని చదివినప్పుడు ఎంతో సంతోషం కలిగింది. ఆ మహనీయురాలిని మన సభ్యులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హెన్రియెటా స్వాన్ లీవిట్ 1868 జూలై 4న అమెరికాలోని లాంకస్టర్‌లో ఒక మతాచార్యుని కుమార్తెగా జన్మించారు. 1892లో చదువు పూర్తిచేసి, హార్వర్డ్ వేధశాలలో కొంతకాలం జీతం లేకుండానే పనిచేశారు. అనారోగ్యం వెంటాడింది, వినికిడి క్రమంగా క్షీణించింది. 1902లో గంటకు 30 సెంట్ల జీతంపై మళ్ళీ చేరారు. అక్కడ లెక్కలు కట్టే స్త్రీలను ‘కంప్యూటర్లు’ అనేవారు. దూరదర్శిని వారికి అప్పగించేవారు కారు. బల్ల, భూతద్దం, లెక్కల పుస్తకం, ఇవే వారి పనిముట్లు.

దక్షిణ అమెరికాలోని పెరూ నుండి ఆకాశం ఫోటోలు గాజు పలకలపై వచ్చేవి. చుక్క ఎంత కాంతివంతమైతే పలకపై మచ్చ అంత పెద్దది. వాటిని పోల్చి తరగతులు నిర్ణయించడం ఆమె పని. ఐదు తరగతుల తేడా అంటే కాంతిలో నూరు రెట్ల తేడా. పైగా నాటి పలకలు నీలికాంతిని ఎక్కువగా, ఎరుపును తక్కువగా గ్రహించేవి. అందుచేత కంటికి కనిపించే కాంతికీ, పలకపై పడిన కాంతికీ మధ్య తేడాయే చుక్క రంగుకు కొలత అయింది.

కొన్ని చుక్కల కాంతి క్రమంగా పెరిగి తరుగుతుంటుంది. మెగలానిక్ మేఘాలనే రెండు నక్షత్ర సమూహాలలో అటువంటివి 1777 ఉన్నట్లు ఆమె 1908లో ప్రకటించారు. చిన్న మేఘంలోని 25 చుక్కలను పరిశీలించి, పెరిగి తరగడానికి పట్టే రోజులు ఎక్కువైతే అసలు కాంతి కూడా ఎక్కువని 1912లో తేల్చారు. అవన్నీ మనకు దాదాపు ఒకే దూరంలో ఉండబట్టి ఈ పోలిక కుదిరింది. దీపం అసలు వెలుగు తెలిస్తే, కనిపించే వెలుగును బట్టి అదెంత దూరంలో ఉందో చెప్పవచ్చు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతు అవుతుంది. చుక్కల విషయంలోనూ అంతే.

ఆ నివేదికపై సంతకం డైరెక్టరు పికరింగ్ గారిది. నోటు తయారుచేసేది ఒకరు, సంతకం చేసేది మరొకరు అన్న సంగతి మనకు కొత్త కాదు. అయితే దాన్ని తయారుచేసినది మిస్ లీవిట్ అని ఆయన మొదటి వాక్యంలోనే రాయడం గమనించదగినది.

1921 డిసెంబరు 12న, 53వ ఏట, ఆమె క్యాన్సరుతో మరణించారు. 1923లో హబుల్ ఆండ్రోమెడాలో అటువంటి చుక్కనే కనుగొని, ఆమె సూత్రంతోనే లెక్కకట్టి, అది మన పాలపుంతకు ఆవల ఉన్న మరో నక్షత్ర లోకమని నిరూపించారు. 1925లో స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ఆమెను నోబెల్ బహుమతికి ప్రతిపాదించదలచి లేఖ రాశారు. అది చేరేనాటికి ఆమె పోయి మూడేళ్ళు దాటింది. చనిపోయినవారిని ఆ బహుమతికి ప్రతిపాదించరు.

బహుమతి రాకపోయినా లెక్క నిలిచింది. డాబా మీద మనవలకు చుక్కలు చూపేటప్పుడు, సప్తర్షులతో పాటు ఈ తల్లి పేరు కూడా చెప్పవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.