కట్టమంచి రామలింగారెడ్డిగారు

చిత్తూరు పట్టణమునకు అంటుకొని కట్టమంచి అను పల్లె ఉండెడిది. నేడది పట్టణములోనే కలిసిపోయినది. మేము ఈ కన్నడసీమనుండి సరిహద్దు దాటి చిత్తూరు జిల్లాకు ఉపాధ్యాయ శిక్షణకై పోయిన దినములలో ఆ ఊరి చెరువుగట్టుమీద పలుమారు నడచితిమి. ఆ ఊరే ఇంటిపేరుగాగల రామలింగారెడ్డిగారిని కవియనియు, విమర్శకుడనియు, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి వైస్ ఛాన్సలరనియు అందరు ఎరుగుదురు. ఆయన చెన్నరాజధాని శాసనమండలిలో ప్రతిపక్ష నాయకులై నిలిచిన కథను మాత్రము చెప్పుకొనువారు తక్కువ. విద్యార్థులారా, మేమిచ్చట ముఖ్యముగా చెప్పదలచినది ఆ కథనే.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచుండగనే, 1899 ప్రాంతమున, పోటీకై ముసలమ్మ మరణము అను కావ్యమును వ్రాసి మెప్పు పొందిరి. చెరువుకట్ట తెగకుండ ఊరికై ప్రాణమిచ్చిన పల్లెపడుచు కథ అది. పిమ్మట ప్రభుత్వ విద్యార్థి వేతనముతో ఇంగ్లండునకుపోయి కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైరి. అచ్చటి విద్యార్థుల యూనియన్ సభకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. వాదమునకు వాదమిచ్చుట, ఎదిరిని గౌరవించుచునే ఎదిరించుట ఆయనకు ఆ సభలో అలవడెనని మాకు తోచుచున్నది.

తిరిగివచ్చి బరోడాలో కొంతకాలము పనిచేసిన పిదప ఆయన మైసూరు సంస్థానమున చేరిరి. మనమున్న ఈ సీమకును ఆయనకును గల సంబంధము ఇచ్చట మొదలగును. మహారాజా కళాశాలలో ఆచార్యులై, తరువాత ప్రిన్సిపాలై, 1916లో ఏర్పడిన మైసూరు విశ్వవిద్యాలయపు రూపకల్పనలో పాల్గొని, విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిరి. అంటరానివారని దూరముగా నుంచబడిన పిల్లలకు సర్కారు బడుల తలుపులు తెరపించుటకు ఆయన పట్టుబట్టిరి. దానికి ఎదురుగాలి తక్కువగా వీచలేదు. తెలుగు విమర్శకు క్రొత్తదారి చూపిన కవిత్వతత్త్వ విచారము కూడ ఆయన మైసూరు కొలువులోనున్న కాలముననే, 1914లో, వెలువడినది. తెలుగు సాహిత్యమున అంతటి గ్రంథము కన్నడరాజ్యమున నివసించు మనిషి చేతినుండి వచ్చినదని తలంచినపుడు మాకు కొంత గర్వము కలుగక మానదు.

ఆయన ఆ కొలువు విడిచి రాజకీయములలో ప్రవేశించిరి. 1919 చట్టము ననుసరించి అప్పుడు రాజధానులలో ద్వంద్వప్రభుత్వము నడచుచుండెను. విద్య, ఆరోగ్యము, స్థానిక సంస్థలు మంత్రులచేతిలో నుండెను. ఆర్థికము, పోలీసు వంటి కీలక శాఖలు గవర్నరు పక్షముననే నిలిచెను. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించుటచే జస్టిస్ పార్టీ గెలిచి మంత్రివర్గము నేర్పరచెను. రెడ్డిగారును ఆ పార్టీవారే. పానగల్లు రాజా రామరాయణింగారు 1921లో ముఖ్యమంత్రియైరి. ఆయన తెలుగువారు, కాళహస్తిలో పుట్టినవారు. అనగా రెడ్డిగారి సీమవారే.

ఇక్కడ కొంచెము ఆగి చూడవలెను. 1921లో సుబ్బరాయలు రెడ్డియార్ పదవినుండి తొలగిన పిమ్మట మంత్రివర్గమున తమిళులకు తావే లేకపోయెను. పదవులలోను నియామకములలోను తమకు అన్యాయము జరుగుచున్నదని ఆ పార్టీలోని తమిళ సభ్యులు పలువురు నొచ్చుకొనిరి. మంత్రులు తోటిసభ్యులను లెక్కచేయక ఏకపక్షముగా నడచుచున్నారనియు గొణుగుడు బయలుదేరెను. రెడ్డిగారు తెలుగువారు, ముఖ్యమంత్రియు తెలుగువారే. మౌనముగా నున్న నాయనకు నష్టమేమియు లేదు. అయినను ఆయన పార్టీని వీడి, యునైటెడ్ నేషనలిస్టు పక్షమని వేరుపక్షమును నెలకొల్పి, ఆ అసంతృప్తులను వెంటనిడుకొని ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండిరి. మంత్రిపదవి దొరకకపోవుటయే దీనికి మూలమని అనుమానించువారుండవచ్చును. మనుష్యుని మనస్సును తూచు త్రాసు మావద్ద లేదు. ఆ దినములలో అధికారపక్షమును వీడి పోవువానికి ఎదుట లాభమేదియు కనబడుచుండలేదని మాత్రము చెప్పగలము.

1923 ఎన్నికలలో జస్టిస్ పార్టీ బలము తగ్గినను పానగల్లు రాజాయే తిరిగి మంత్రివర్గము నిర్మించిరి. క్రొత్త మండలి సమావేశమైనంతనే, నవంబరు 27వ తేదీన, రెడ్డిగారు ఆ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. చెన్నరాజధాని శాసనమండలి చరిత్రలో అట్టి తీర్మానము అదియే మొదటిది. స్వరాజ్యవాదులును ఆయనతో కలిసిరి. మరునాడు ఓట్లు లెక్కింపగా తీర్మానమునకు 44, వ్యతిరేకముగా 65 వచ్చెను. రెడ్డిగారు ఓడిరి.

ఓటమి ఓటమియే, దానిని గెలుపని మేము చెప్పబోము. కాని ఒక సంగతి గమనింపుడు. ప్రజలెన్నుకొన్న సభ్యులతోపాటు గవర్నరు నియమించినవారును, సర్కారు ఉద్యోగులును ఆ మండలిలో కూర్చుండెడివారు. అట్టిచోట మంత్రులు సభకు బదులు చెప్పవలసినవారా, లేక గవర్నరుకా అను ప్రశ్న తేలకయే యుండెను. రెండు దినములు మంత్రులు లేచి తమ పనులకు సభ ఎదుట సమాధానము చెప్పుకొనవలసివచ్చినది. ఆ పని చేయించినవారు రెడ్డిగారే.

మంత్రివర్గము అటుపిమ్మటను నిలిచెను. ఆ మంత్రివర్గములోనే విద్యామంత్రిగా నున్న బరంపురము పాత్రోగారు ఆంధ్ర విశ్వవిద్యాలయ బిల్లును ప్రవేశపెట్టి చట్టముగావించిరి. 1926లో ఆ విశ్వవిద్యాలయము పుట్టినపుడు దానికి మొదటి వైస్ ఛాన్సలరైనది తాను పడగొట్టజూచిన మంత్రివర్గపు ఎదుటిబల్లపై కూర్చున్న రామలింగారెడ్డిగారే! ఈ సంగతి చెప్పినపుడెల్ల మా తరగతిలోని పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వులో మాకు తప్పు కనబడదు.

1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా ప్రభుత్వము జరపిన అణచివేతకు నిరసనగా ఆయన ఆ పదవిని వదలివేసిరి. విశ్వవిద్యాలయమన్న ప్రాణముపెట్టిన మనిషికి అది తేలిక పని కాదు. ఆయన స్థానమున రాధాకృష్ణ పండితులు వచ్చిరి. 1936లో రెడ్డిగారు తిరిగి వైస్ ఛాన్సలరై 1949 వరకు పనిచేసిరి. యుద్ధకాలమున, 1942లో, విశాఖపట్టణముపై బాంబులు పడగా విశ్వవిద్యాలయమును గుంటూరునకు తరలింపవలసివచ్చెను. ఆ భారము కూడ ఆయనపైననే పడినది. బ్రిటిషు ప్రభుత్వము ఇచ్చిన సర్ బిరుదమును ఆయన స్వీకరించిరి. 1930లో పదవినే వదలిన మనిషి బిరుదమును పుచ్చుకొనుట కొందరికి నచ్చకపోవచ్చును. మాకును అది పూర్తిగా మింగుడుపడినది కాదు.

1949లో వాల్తేరు విడిచి ఆయన మైసూరునకు, తాను యౌవనమున రూపకల్పనలో పాల్గొన్న విశ్వవిద్యాలయమునకే, ప్రో ఛాన్సలరై తిరిగివచ్చిరి. ఆయన వివాహము చేసికొనలేదు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన దివంగతులైరి.