రోగి పడక చెంత మనస్సాక్షి

మీ ఇంట్లో గాని, బంధువుల్లో గాని నర్సుగా పనిచేసే ఆడబిడ్డ ఉన్నదా? రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన ఆమె ముఖాన్ని ఎప్పుడైనా గమనించారా? ఒళ్లు అలసినందుకే కాదు, మనసు నలిగినందుకు కూడా ఆ ముఖం వాడిపోతుంది. ఏది న్యాయమో తెలిసినా చేయడం కష్టమైన ఘడియలు ఆసుపత్రిలో ఎన్నో!

అలాంటి బిడ్డలకు దారి చూపే జీవితం ఒకటి మన తెలుగునేల మీదనే గడిచింది. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుండి ఏటా సుగ్గికి, మిరప కోతలకు మనవారు వెళ్లే గుంటూరు సీమలోనే గడిచింది. ఆమే డాక్టర్ మేరీ గ్లౌరీ.

ఆమె 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. 1910లో మెల్బోర్నులో వైద్యపట్టా పొంది, ఆ నగరంలోనే మంచి పేరు తెచ్చుకున్నారు. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. పరాయి మగవైద్యుని ముందుకు రాలేక భారతదేశంలో తల్లులు, పసిబిడ్డలు ప్రాణాలు కోల్పోతున్నారని అందులో చదివారు. చదివి పక్కన పెట్టలేకపోయారు. 1919లో ఎం.డి. పూర్తిచేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, జె.ఎం.జె. మఠంలో ప్రవేశించారు.

ఇక్కడే ఒక ధర్మసంకటం ఎదురైంది. మఠకన్యలు వైద్యం చేయడానికి, ముఖ్యంగా కాన్పులు చూడడానికి ఆనాటి శ్రీసభ నియమాలు అడ్డు. మఠజీవితాన్ని వదులుకోవాలా? రోగిని వదిలివేయాలా? ఆమె రెంటినీ వదలలేదు. పదిహేనవ బెనెడిక్టు పోపుగారి ప్రత్యేక అనుమతితో మఠకన్యగానే వైద్యం చేశారు. 1936లో రోము ఆ ద్వారాన్ని మిగతా మఠకన్యలకు కూడా తెరిచింది.

చిన్న మందులశాలగా ఉన్న చోటు సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. ఆమె పల్లెలకు వెళ్లి రోగులను చూశారు. మన నాటు మూలికల గుణాలను తెలుసుకున్నారు. ఒక్క డాక్టరు ఎందరిని చూడగలదు? అందుకే ఇక్కడి ఆడపిల్లలకే నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించారు.

1943లో భారత కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. తల్లి గర్భం మొదలు చివరి శ్వాస దాకా ప్రాణం దేవుని సొత్తని నమ్మే వైద్యసేవ కావాలన్నదే ఆమె తపన. నేడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసే ఆ సంఘంలో మూడువేలకు పైగా సంస్థలున్నాయి. కథోలిక వైద్య కళాశాల కావాలన్న ఆమె కల, ఆమె మరణానంతరం, 1963లో బెంగుళూరు సెయింట్ జాన్స్ కళాశాలతో నెరవేరింది. ఎందరి పడకల చెంతనో నిలిచిన ఆమె చివరకు క్యాన్సరుతో తానే పడక పట్టి, 1957 మే 5న బెంగుళూరులో ప్రభువు సన్నిధి చేరారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కాన్పు కాగానే నర్సమ్మ చేతిలో నోటు పెట్టేది ఎవరు? కడుపులో ఉన్నది ఆడా, మగా అని, 1994 చట్టం కాదన్నా, చాటుగా అడిగేది ఎవరు? ఫలానా ఇంటి కోడలికి ఏం జబ్బని ఆరా తీసేది ఎవరు? ఒక్కోసారి మనమే కదా! బిడ్డ తప్పటడుగు వేసిందని నిందించే ముందు, ఆ అడుగు వేయించింది మనం కాదు కదా అని ఆత్మపరిశీలన చేసుకుందాం.

మందు మోతాదు పొరపాటని గుర్తించి పెద్ద డాక్టరుకు చెప్పినందుకు చీవాట్లు తిన్న నర్సుకు ఇంట్లోనైనా అండ దొరకాలి. ఉద్యోగం పోతుందేమో, నీకెందుకమ్మా అని నోరు నొక్కకండి. జీతమెంత అని అడిగే నోటితోనే, ఈ రోజు నీ మనసుకు నెమ్మదిగా ఉందా తల్లీ అని కూడా అడగండి. ఈ సాయంత్రం జపమాలలో మీకు తెలిసిన ఒక నర్సును పేరు పెట్టి తలచుకోండి.