జాయప సేనాని

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు దివిసీమను జయించి, అక్కడి అయ్య వంశానికి చెందిన జాయపలోని ప్రతిభను గుర్తించి కొలువులో చేర్చుకున్నాడు. అతని సోదరీమణులు నారమ, పేరమలను వివాహమాడి వైరాన్ని బాంధవ్యంగా మార్చాడు. గుండామాత్యుని వద్ద నాట్యశాస్త్రాన్ని అభ్యసించిన జాయప, కాలక్రమంలో గజసైన్యాధ్యక్షుడయ్యాడు.

ఖడ్గం పట్టిన చేతితోనే ఆయన 1253-54లో ‘నృత్తరత్నావళి’ని సంస్కృతంలో రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు భరతముని చెప్పిన మార్గ సంప్రదాయాన్నీ, తక్కిన నాలుగు దేశి సంప్రదాయాన్నీ వివరిస్తాయి. పేరిణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి వంటి దేశి నృత్తాలకు శాస్త్రగ్రంథంలో సమానస్థానం కల్పించడం ఆయన విశాలదృష్టికి నిదర్శనం.

1323లో ఓరుగల్లు పతనమైంది. రాజాదరణ కోల్పోయిన పేరిణి క్రమంగా మరుగున పడింది. గ్రంథం మాత్రం వ్రాతప్రతులలో మిగిలింది. 1965లో వి. రాఘవన్ దానిని పరిష్కరించి ప్రకటించగా, 1969లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు అనువాదం వెలువడింది. ఈ గ్రంథాన్నీ, రామప్పగుడి శిల్పాలనూ ఆధారంగా చేసుకొని నటరాజ రామకృష్ణ పేరిణిని పునర్నిర్మించారు.

నాట్యం నర్తకునితోనే ముగిసిపోయే కళ. జాయప దానిని అక్షరబద్ధం చేయకపోతే, ఏడు శతాబ్దాల అనంతరం ఆ గజ్జెల సవ్వడి తెలుగునేలపై తిరిగి వినిపించేది కాదు.