గిరిగారి రాజీనామా

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగిన తెలుగువానికి పరాయి ఊరు వచ్చినట్లు తోచదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి రైలు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నవి. ఇటీవల ఢిల్లీకి తిరిగి వస్తూ, ఆ ఊరి శివార్లలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళానికి స్థావరమైన సాలువాలో ఒక మిత్రుని ఇంట ఒక పూట ఆగినాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి. కుమారుడు ఒక ప్రైవేటు కంపెనీలో అధికారి. ఎవరిని పనిలోనుండి తీసివేయాలో జాబితా వ్రాయవలసిందని అతనికి పైనుండి ఉత్తర్వు వచ్చింది. అతడు కళాశాలలో నీతిశాస్త్రం కూడా చదివినవాడే. ఎక్కువమందికి మేలు జరిగేది చేయమంటాడు మిల్లు. మనిషిని కేవలం సాధనంగా వాడుకొనరాదంటాడు కాంట్. ఇద్దరినీ చదివిన తరువాత కూడా జాబితా ఒక్క పేరు ముందుకు సాగలేదట.

నాకు వరాహగిరి వెంకటగిరిగారు జ్ఞాపకం వచ్చినారు. మిత్రుని తాత ఆయన యూనియనులో సభ్యుడు.

గిరిగారు 1894లో బరంపురంలో జన్మించినారు. న్యాయశాస్త్రం చదువుటకు 1913లో డబ్లిన్ చేరినారు. ఆ నగరంలో యజమానులు వేలాది కార్మికులను లాకౌటు చేసిన సంవత్సరం అదే. 1916లో స్వదేశానికి తిరిగి వచ్చి, తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టినారు. అప్పటికి ఆ రైల్వే ఒక కంపెనీ యాజమాన్యంలో ఉండేది. రైల్వే వర్క్‌షాపులలో సిబ్బంది అధికంగా ఉన్నారని 1926లో రేవెన్ కమిటీ తేల్చింది. మరుసటి సంవత్సరమే ఖరగ్‌పూర్‌లో ఉద్వాసనలు, సమ్మె, లాకౌటు. కంపెనీ లెక్కకు కంపెనీ లెక్కగా తప్పు లేకపోవచ్చు. ఆ లెక్క వేసేటప్పుడు కూలివానిని సంప్రదించినవారు లేరన్నదే గిరిగారి అభ్యంతరం. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకోవలెనన్నది అక్కడినుండి ఆయనకు జీవిత సూత్రమయింది. కేంద్ర కార్మికమంత్రి అయిన తరువాత ఢిల్లీలో దానికి గిరి పద్ధతి అని పేరు కూడా వచ్చింది. ట్రిబ్యునళ్ళ నిర్బంధ తీర్పులంటే ఆయనకు గిట్టదు.

విచిత్రమేమంటే, అటువంటి మనిషి మంత్రిపదవి వదులుకున్నది ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసమే. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954లో ఇచ్చిన తీర్పును కేంద్రప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేటట్లు సవరించింది. చిన్న బ్యాంకులు ఆ భారం మోయలేవనీ, గ్రామీణ శాఖలు దెబ్బతింటాయనీ ప్రభుత్వ వాదన. ఆ వాదన కొట్టివేయదగినది కాదు. పల్లెటూరి రైతుకు బ్యాంకు గడప ఎంత దూరమో మనకు తెలియనిది కాదు. మిల్లు మహాశయుడు బహుశా ప్రభుత్వం పక్షానే మొగ్గేవాడు. కాని ఉభయులనూ వివాద పరిష్కారానికి పంపి, తీర్పు వచ్చిన తరువాత అది బరువైనదని మార్చితే, ఇక కార్మికుడు ఏ మాట నమ్మి సమ్మె మానుకోవలెను? తనకు ఇష్టంలేని పద్ధతి అయినా, ఇచ్చిన మాట మాటేనని గిరిగారు తప్పుకున్నారు. తరువాత వేసిన విచారణ సంఘం సిఫార్సులను అనుసరించి 1955లో చట్టం వచ్చింది. ఆ తీర్పులో చాలాభాగం తిరిగి నిలిచింది.

ఆ పిమ్మట మూడు రాష్ట్రాలకు గవర్నరుగిరీ, ఉపరాష్ట్రపతి పదవి, 1969లో కాంగ్రెసును చీల్చిన ఎన్నికలో రాష్ట్రపతి పదవి — ఈ కథ పాఠకులు ఎరిగినదే.

ఇక్కడ మిత్రుడు నన్ను ఆపినాడు. 1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగినప్పుడు ఆయన ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు. సమ్మె నడిపినవారిలో ముందున్నది అఖిలభారత రైల్వేమెన్స్ ఫెడరేషను. దాని పునాదులలో గిరిగారి చెమట ఉన్నది. వేలాది కార్మికులు జైళ్ళకు పోతుంటే రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆయనే. 1954లో చేసిన పని అప్పుడెందుకు చేయలేదని మిత్రుని ప్రశ్న. రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు కట్టుబడినవాడనీ, ఆగస్టులో పదవీకాలం ఎటూ ముగియనున్నదనీ చెప్పినాను. రాజ్యాంగరీత్యా అది సరైన సమాధానం. ఆయన తృప్తి పడలేదు. నిజం చెప్పవలెనంటే ఈ వ్యాసం వ్రాస్తున్న నాకూ పూర్తిగా తృప్తి లేదు.

కుమారుడు మాత్రం 1927 దగ్గరే ఆగిపోయినాడు. జాబితా వ్రాయక ముందే పనివాళ్ళను పిలిచి కంపెనీ లెక్కలు చూపించి మాట్లాడితే ఎట్లా ఉంటుందని నన్ను అడిగినాడు. పైవారు ఒప్పుకోరని వెంటనే తానే అన్నాడు. కొంతసేపటికి, అడిగి చూస్తానన్నాడు. అప్పటికే నా బండి వేళయింది.